మెడకు పట్టిన అలవాటు

అంబులెన్సు స్టేషన్లో ఆవిడను అందరూ పెద్దక్క అంటారు. ఆవిడ కన్నా వయసులో పెద్దవాడైన వాచ్‌మన్ కూడా అలాగే అంటాడు. ఆవిడ నడకలో ఒక పెద్దరికం ఉంది మరి. ఆ పెద్దరికంలో సగం మోకాళ్ళ నొప్పి అని ఆవిడకు మాత్రమే తెలుసు. మనుషుల్ని మేడల మీంచి మోసి, బావుల్లోంచి లాగి, బస్సుల కింద నుంచి బయటికి తీసి, ఆవిడ నడుము ఎప్పుడో చేతులెత్తేసింది. అయినా ఫోను మోగితే అందరికన్నా ముందు బండి దగ్గరుండేది ఆవిడే. ఎక్కడానికి ఆలస్యమవుతుందని తెలుసు కాబట్టి ముందే లేచి బయల్దేరుతుంది.

ఆ వారం ఆవిడ ఒళ్ళు హూనమైపోయింది. డ్యూటీ డ్యూటీయే, దాని మీద ట్రైనింగు. మూతపడ్డ పాత మార్కెట్ భవనంలో, బూజు పట్టిన మూడంతస్తుల్లో, పోలీసులూ ఫైరింజను వాళ్ళూ అంబులెన్సు వాళ్ళూ కలిసి చేసే ట్రైనింగు. ఎక్కడో ఒక ఊళ్ళో తుపాకి పట్టుకుని ఒకడు ఆఫీసులో దూరి కనపడ్డవాళ్ళనల్లా కాల్చాడట. పోలీసులు వెంటనే లోపలికి వెళ్ళారు. అంబులెన్సు వాళ్ళు మాత్రం, అంతా సద్దుమణిగిందన్న కబురు వచ్చేదాకా వీధి చివర నిలబడ్డారు. పద్ధతి అదే మరి. కబురు వచ్చి లోపలికి వెళ్ళేసరికి, బతకాల్సినవాళ్ళు కొందరు నెత్తురు కారిపోయి ప్రాణం వదిలేశారు. ఒక పట్టీ గట్టిగా బిగిస్తే బతికేవాళ్ళు.

అప్పట్నుంచి పద్ధతి మార్చమని పైనుంచి ఆర్డరు. ఇప్పుడు దుండగుడు ఇంకా దొరక్కముందే లోపలికి వెళ్ళాలి. ముందు ఇద్దరు పోలీసులు, వెనక ఇద్దరు పోలీసులు, మధ్యలో అంబులెన్సు మనుషులు ఇద్దరు. ఆ వరస చెదరకుండా నడుస్తూ, పడి ఉన్నవాళ్ళకు నెత్తురు ఆగేలా పట్టీ బిగించి వదలాలి. ఫైరింజను వాళ్ళు వాళ్ళను అందుకుని మోసుకుపోవాలి. చెప్పుకోవడానికి ఎంత బాగుందో చేయడానికి అంత రోతగా ఉంది. మొదటిరోజు పోలీసులు జీపులన్నీ గేటుకు అడ్డంగా ఆపి, తాళాలు జేబులో వేసుకుని లోపలికి పరిగెత్తారు. అంబులెన్సు ఒక్కటి కూడా బయటికి కదల్లేదు. ఫైరింజను వాళ్ళు ఎవరో ఒకరు చెప్తారని గొట్టాలు పరుచుకుని కూర్చున్నారు, ఎవరూ చెప్పలేదు. గాయపడ్డట్టు పడుకోమని తెచ్చిన కాలేజీ కుర్రాళ్ళలో ఒకడు హాయిగా నిద్రపోయాడు. పెద్దక్కతో పాటు బండి మీద పనిచేసే బక్కోడు ఆ నిద్రను చావనుకుని వాడి కాలికి నల్లచీటీ కట్టేశాడు. నల్లచీటీ అంటే ఆశ లేదని గుర్తు. వాడు సాయంత్రం లేచి, "నేను బతికే ఉన్నానండీ" అన్నాడు. "అప్పుడే చెప్పాల్సింది" అన్నాడు బక్కోడు, చీటీ విప్పకుండానే.

వీళ్ళందరికీ నేర్పడానికి వచ్చినాయన్ని ఈల మాస్టారు అనేవాళ్ళు. సైన్యంలో చేసి వచ్చిన మనిషి. కోపమంతా మెడలో వేలాడే ఈలలో పెట్టి, నోట్లోంచి మాత్రం మెత్తటి మాటలే తీస్తాడు. మొదటి గంటలోనే ఆయన ఒక నియమం చెప్పాడు. ఈ ఆటలో అందరూ అరుస్తారు, ఏడుస్తారు, రక్షించండి అంటారు, చచ్చిపోతున్నాను అంటారు. అవేవీ పట్టించుకోవద్దు. ఎవరికైనా నిజంగానే దెబ్బ తగిలితే 'నిజం, నిజం, నిజం' అని మూడుసార్లు అరవాలి. ఆ మాట వినపడితే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోవాలి. ఆ మాట సరదాకి వాడినవాణ్ణి ఇంటికి పంపేస్తానన్నాడు. ఎవరూ వాడలేదు.

ఇంతవరకూ అందరి బాధే. పెద్దక్క బాధ వేరు. ఆవిడ ముందు నడిచే పోలీసు ఆవిడ మరిది.

ఆవిడ కోడలుగా ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి వాడు ఒకటో తరగతి. అత్తగారు పోయి ఏడాది తిరగలేదు. మామగారు, మొగుడు ఇద్దరూ నోట్లో నాలుక లేని మనుషులు. ఇంట్లో వినపడే గొంతు చిన్నోడిదొక్కటే, అది కూడా ఏడుపు రూపంలో. వాణ్ణి బడికి పంపడం గగనమయ్యేది. గేటు దగ్గర ఆవిడ చెయ్యి పట్టుకుని వదిలేవాడు కాదు. కొత్త పెళ్ళికూతురు, పిల్లల్ని పెంచడం ఏం తెలుసు? తోచింది చెప్పింది. "నువ్వు లోపలికెళ్ళేదాకా ఇక్కడే నిలబడతా. ఎన్నిసార్లు వెనక్కి చూసినా కనపడతా. కావాలంటే చూసుకో." వాడు చూసుకున్నాడు. నాలుగడుగులు వేసి తల తిప్పాడు, ఆవిడ చెయ్యి ఊపింది. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ చెయ్యి. తరగతి గది గుమ్మం దాకా అలాగే వెళ్ళాడు.

ఆ అలవాటు వాడితో పాటే పెరిగింది. హైస్కూలుకు వెళ్ళినా, కాలేజీకి వెళ్ళినా, పోలీసు ఉద్యోగానికి బస్సెక్కినా, వీధి మలుపు దగ్గర వాడి తల తిరగాలి, గుమ్మంలో ఆవిడ చెయ్యి లేవాలి. మీసాలొచ్చాయి, పెళ్ళయింది, కూతురు పుట్టింది, పై వాటాలో వేరే వంటగది వచ్చింది. తల తిరగడం మాత్రం మానలేదు. తోటి పోలీసులు ఏడిపిస్తే, "మా వదిన ఉందో లేదో చూసుకోవాలి కదా" అనేవాడు, సిగ్గూ ఎగ్గూ లేకుండా. పెద్దక్కకు పిల్లల్లేరు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎత్తే అవసరం చిన్నోడు రానివ్వలేదు.

ఇప్పుడు ఆ తలే కొంప ముంచుతోంది. వరసలో ముందు నడిచేవాడి కళ్ళు ముందే ఉండాలి. వెనక కొండ విరిగిపడినా వెనకవాళ్ళు చూసుకుంటారు. చిన్నోడికి ఇదంతా కంఠస్థం, నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. కానీ లోపల ఉత్తుత్తి తూటా పేలిందంటే చాలు, వాడి తల గిరుక్కున వెనక్కి తిరిగేది. పెద్దక్క ఉందో లేదో చూసుకుని మళ్ళీ ముందుకు తిరిగేది. రెప్పపాటే. ఆ రెప్పపాటు చాలు. దుకాణం షట్టర్ వెనక దాక్కున్న దుండగుడు, అంటే ఆ వేషం వేసిన పోలీసు, బయటికి వచ్చి రంగు తూటా కొట్టేవాడు. చిన్నోడి చెవి వెనక నీలం రంగు చిందేది. ఈల మోగేది. మొదటిరోజు అందరూ నవ్వారు. మర్నాడు కొందరు నవ్వారు. తర్వాత నవ్వడం మానేసి, షట్టర్ల నీడలో కూర్చుని నీళ్ళు తాగారు.

ఆ సాయంత్రం పెద్దక్క ఇల్లు చేరి, బూట్లు విప్పుకోవడానికి మెట్టు మీద కూర్చుంది. కూర్చోగలిగింది గానీ వంగలేకపోయింది. పోలీసులు అరువిచ్చిన, తూటాలు ఆపే కోటు మగవాళ్ళ కొలతది. రోజంతా భుజాలు కోసేసింది. మొగుడు వచ్చి, ఏమీ అనకుండా, కింద కూర్చుని ఆవిడ బూట్లు విప్పాడు. మాట్లాడితే ఎక్కడ పన్ను కట్టాల్సి వస్తుందోనన్నట్టు బతికే మనిషి. "బాగా కోసుకుందా?" అన్నాడు చివరికి. ఆయన లెక్కలో అదొక ఉపన్యాసం.

పై వాటాలో చిన్నోడి కూతురు వాడి చెవి వెనక రంగును నూనె గుడ్డతో తుడుస్తోంది. "నాన్నా, ఇవాళ కూడా చచ్చిపోయావా?" అని అడుగుతోంది. వాడు నవ్వుతున్నాడు. పెద్దక్క పైకెక్కి వాళ్ళ వంటగదిలోకి వెళ్ళింది. తోడికోడలు గిన్నెలు కడుగుతోంది. పెద్దక్క గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టింది.

"అక్కా, ఆయన వెనక్కి చూస్తున్నారట కదా."

"ఎవరు చెప్పారు?"

"ఆయనే చెప్పారు. నవ్వుకుంటూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు."

పెద్దక్క ఇంకో గిన్నె అందుకుంది.

"నీకోసం చూస్తున్నారని నాకు కోపం లేదక్కా. ఉంటే మొహాన్నే అడిగేదాన్ని, నా సంగతి నీకు తెలుసు. కానీ అది రంగు కాబట్టి తుడుస్తున్నాం. ఆయన చేత మానిపించడం నా వల్ల కావట్లేదు. నీకేమన్నా తెలుస్తుందేమోనని."

పెద్దక్క చేతిలో ఉన్న గిన్నె ఎప్పుడో ఆరిపోయింది. తుడుస్తూనే ఉంది.

కిందికి దిగుతూ చిన్నోణ్ణి మెట్ల మీద పట్టుకుంది. "ఒరేయ్, వెనక నేనుంటాను. నువ్వు చూసినా ఉంటాను, చూడకపోయినా ఉంటాను. చూస్తే కొత్తగా ఒరిగేదేముంది?"

"నేను చూడాలని చూడట్లేదు వదినా. చూసేశాక తెలుస్తోంది."

"మెడకి కట్టు కట్టనా?"

"కట్టు. సెలవన్నా దొరుకుతుంది." నవ్వి, ఆవిడ మొహం చూసి ఆపేశాడు. "రేపు చూడనులే."

నిన్న కూడా అదే మాట అన్నాడు. మొన్నా అన్నాడు. ఆవిడ ఆ రాత్రి వెల్లకిలా పడుకుని, నడుముకు ఏ వైపూ నచ్చక, ఆలోచించింది. నిజంగా తుపాకి పట్టుకున్నవాడు ఒకడు ఈ ఊళ్ళోకి వస్తే, వాడి చేతిలో ఉండేది రంగు కాదు. చిన్నోడు తల తిప్పుతాడు. తన మొహం చూస్తూ పడిపోతాడు. వాడు ఆఖరుగా చూసేది తననే అవుతుంది. చిన్నప్పుడు గేటు దగ్గర తను నేర్పిన అలవాటు వాడి ప్రాణం తీస్తుంది. ఇంతకన్నా ఎక్కువ ఆలోచించే ఓపిక లేక లేచి మంచినీళ్ళు తాగింది.

మర్నాడు భోజనాల వేళ ఈల మాస్టారు ఒక్కడే మెట్ల మీద కూర్చుని రొట్టె తింటుంటే వెళ్ళి పక్కన కూర్చుంది.

"మాస్టారూ, నన్ను బండి మీంచి తీసేయమని అడుగుతాను. ఫోన్ల దగ్గర కూర్చుంటాను. ఎలాగూ నా మోకాళ్ళు కూడా అదే అంటున్నాయి."

"మీరు లేకపోతే అతను వెనక్కి చూడడనుకుంటున్నారా?"

"ఎవర్ని చూస్తాడు?"

"మీరున్నారో లేదో చూస్తాడమ్మా. లేరని చూసుకోవడానికి ఇంకో క్షణం ఎక్కువ చూస్తాడు. మెడకి పట్టిన అలవాటది, మనిషికి కాదు."

"పోనీ వాణ్ణి ముందు వరసలోంచి తీసేయండి."

"తీసేస్తాను. కాగితం మీద తీసేస్తాను. ఆ రోజు తుపాకి పేలిన చోటుకి దగ్గర్లో ఉన్నది మీ మరిదే అయితే? కాగితం చూసుకుని ఆగుతాడా?"

ఆగడు. ఆవిడకు తెలుసు. బడి గేటు దాటడానికి ఏడ్చినవాడు, ఒకసారి దాటాక దేనికీ ఆగలేదు.

మాస్టారు రొట్టె పక్కన పెట్టాడు. "ఒక్క పని చేద్దాం. రేపు ఆఖరిసారి. పైన తూటా పేలగానే మీరు మెట్ల మీద కూలబడి అరవండి. ఊరికే కాదు, అతని గుండె ఆగేలా అరవాలి. దానికి తిరగలేదంటే ఇక దేనికీ తిరగడు. నేనిలా చెప్పానని ఎవరికీ చెప్పకండి."

"తిరిగితే?"

"తిరిగితే ఆ మెడ సంగతి నాకూ తెలీదు."

"నటించడం నాకు రాదు మాస్టారూ."

"ఎందుకు రాదు? పిల్లాడికి చేదు మందు పట్టేటప్పుడు, తియ్యగా ఉందని మీరు ముందు తాగి చూపించలేదా? అంతే."

ఆవిడకు నవ్వొచ్చింది. తాగింది. తాగిన మాట ఈయనకెలా తెలుసో మరి.

ఆఖరి రోజు అందరి మొహాలూ ఒక్కలాగే ఉన్నాయి, వారం రోజులు చచ్చి బతికిన మొహాలు. గాయపడ్డ వేషాల కుర్రాళ్ళు కూడా అరిచి అరిచి గొంతులు పోగొట్టుకుని, నీరసంగా "అమ్మా, కాపాడండి" అంటున్నారు, బస్సు కోసం అడిగినట్టు. జీపులు మాత్రం గేటుకు ఒక పక్కన నిలబడ్డాయి, తాళాలు బండ్లలోనే ఉన్నాయి. ఆ ఒక్కటీ నేర్చుకున్నారు. మెట్ల మీద ఫైరింజను వాళ్ళ గొట్టం ఒకటి అతుకు దగ్గర కారుతోంది. అది చూసినవాళ్ళు చూశారు, వెనకవాళ్ళకు చెప్పలేదు. ఎవరి పని వాళ్ళు బాగానే చేశారు, ఒకరికొకరు చెప్పుకోవడమే మర్చిపోయారు. వారమంతా మాస్టారు నెత్తీనోరూ కొట్టుకుని నేర్పింది ఆ ఒక్క సంగతే.

ఈల మోగింది. వరస కదిలింది. చిన్నోడు ముందు, వాడి పక్కన ఇంకో పోలీసు, మధ్యలో పెద్దక్క, బక్కోడు, వెనక ఇద్దరు. కింది అంతస్తులో ఇద్దరికి పట్టీలు బిగించారు. మెట్లెక్కడం మొదలైంది. పెద్దక్క మనసులో ఒకటే లెక్క: ఎక్కడ కూలబడితే మోకాలికి తక్కువ దెబ్బ. మలుపు దగ్గర మెట్టు వెడల్పుగా ఉంది, అక్కడ మెల్లగా కూర్చుని అరుద్దామనుకుంది. చిన్నోడు అప్పటికే మెట్లు దాటి వసారాలో అడుగుపెట్టాడు. పైన తూటా పేలింది.

ఆవిడ కూర్చోబోయింది. తడిమెట్టు మీద కాలు జారింది. తూటాల కోటు, మందుల సంచి రెండూ కలిసి వెనక్కి లాగాయి, ఎడమ చెయ్యి ఒంటి కింద పడింది. టప్‌మని ఒక చప్పుడు. ఎముక విరిగిన చప్పుడు ఆవిడకు కొత్తేం కాదు. ఇంతకాలం ఇతరుల ఒంట్లోంచి విన్నది, ఈసారి తన ఒంట్లోంచి వింది. అరవాలని అనుకోనక్కర్లేకపోయింది. ఆ కేక దానంతటదే వచ్చింది. మూడంతస్తుల భవనం ఆ కేకతో నిండిపోయింది.

బక్కోడి మొహం పాలిపోయింది. వంగి, ఆ మణికట్టు ఉండకూడని వైపుకి తిరిగి ఉండటం చూశాడు. "అక్కా, నిజమేనా?" అని, ఆ మాట మూడుసార్లు అరవడానికి నోరు తెరిచాడు. పెద్దక్క బాగున్న చేత్తో వాడి కాలరు పట్టి లాగింది.

"నోరెత్తావంటే చంపుతా. నడు."

"అక్కా..."

"నడవరా."

ఆ మాట ఆవిడ నాలుక చివరే ఉంది. మూడుసార్లు అంటే చాలు. అందరూ ఆగిపోతారు, నొప్పి తగ్గే మందు వస్తుంది, మెత్తటి స్ట్రెచర్ వస్తుంది. చిన్నోడు కూడా తిరిగి పరిగెత్తుకుంటూ వస్తాడు. వస్తే, వాడు తిరగకుండా ఉండగలడో లేదో ఎప్పటికీ తెలియదు. ఆ రోజు వచ్చినప్పుడు తెలుస్తుంది, తెలిశాక చేసేదేం ఉండదు. పళ్ళు బిగించి తల పైకెత్తింది. మెట్ల కమ్మీల సందులోంచి వాడి వీపు కనపడుతోంది. చెవి వెనక నిన్నటి నీలం ఇంకా పూర్తిగా పోలేదు. కేక వినగానే వాడు ఆగాడు. మెడ బిగుసుకుంది. నరాలు తేలడం ఇక్కడిదాకా కనపడింది. చూడకురా, అనుకుంది. ఒక్కసారి చూడరా, అని కూడా అనుకుంది. ఏది ముందు అనుకుందో ఆవిడకే తెలియదు.

వాడు చూడలేదు. ముందుకు అడుగు వేశాడు. ఇంకో అడుగు వేశాడు. వసారా మలుపులో వాడి వీపు మాయమైంది.

వెనక ఉన్న పోలీసు, నేర్పిన ప్రకారం, పెద్దక్కను కోటు పట్టుకుని గోడ వారకు ఈడ్చాడు. ఆవిడకు ప్రాణం పోయినంత పనైంది. "బాగా చేస్తున్నారు పెద్దక్కా" అని చెవిలో మెచ్చుకుని, ఆవిణ్ణి దాటుకుని వెళ్ళిపోయాడు. పైన షట్టర్ దడదడలాడింది, రెండు తూటాలు పేలాయి, "దొరికాడు" అన్న కేక వినపడింది. చిన్నోడి గొంతే. తర్వాత కూడా వాడు రాలేదు. వసారా చివరి దుకాణం దాకా ఒక్కొక్కటీ చూసి, అంతా ఖాళీ అని చెప్పిన తర్వాతే ముందున్నవాడు వెనక్కి రావాలి. అదీ నియమమే. పెద్దక్క గోడకు చేరబడి ఆ షట్టర్లు ఒక్కొక్కటీ లేస్తున్న చప్పుడు వింటూ కూర్చుంది. ఎన్నడూ ఏ పనీ వాడు అంత నెమ్మదిగా చేసినట్టు ఆవిడకు గుర్తులేదు.

ముందు వచ్చింది మాస్టారు. ఆవిడ చెయ్యి చూశాడు. నోట్లోంచి ఈల జారి గుండెల మీద పడింది. వారం రోజుల్లో మొదటిసారి ఆయన గొంతు పెంచాడు.

"ఆ మాట ఎందుకనలేదు? నేను పెట్టింది ఎందుకు ఆ మాట?"

"అంటే అందరూ ఆగిపోతారు కదా మాస్టారూ."

"ఆగడానికేనమ్మా పెట్టింది."

"వాడు ఆగితే మళ్ళీ మొదటికొస్తాం. ఈ మెట్లు ఇంకోసారెక్కే ఓపిక నాకు లేదు."

ఆయన ఈల తీసి జేబులో వేసుకున్నాడు. తర్వాత కోటు విప్పడానికి ఆవిడకు సాయం చేశాడు.

చిన్నోడు దిగి వచ్చాడు. చేతినీ, ఆవిడ మొహాన్నీ చూశాడు. స్ట్రెచర్ ఒక చివర తను పట్టుకున్నాడు.

ఆవిడ ఆ అంబులెన్సులో వెనక పడుకుని ప్రయాణం చేయడం అదే మొదలు. పైకప్పు మీద తుప్పు మరక ఒకటుంది, ఇన్నేళ్ళలో చూడలేదు. పట్టీలు గరుకుగా ఉన్నాయి. ప్రతి గతుకూ నేరుగా ఎముకలోకి వచ్చింది. ఇంతమందిని ఇందులో పడుకోబెట్టి, కంగారు పడకండి, అయిపోయింది, వచ్చేశాం అంటూ తీసుకెళ్ళాను కదా అనుకుని సిగ్గుపడింది. పక్కన చిన్నోడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. వాడి చూపు వెనక తలుపు మీదే ఉంది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫోటో తీసి, ఎముక సరిచేసి, పిండికట్టు కట్టారు. పిండి ఆరేదాకా కదలకుండా కూర్చోమన్నారు. వరండాలో పొడుగాటి బెంచీ మీద వదినా మరిదీ ఇద్దరే మిగిలారు. నర్సు ఒకామె ఎదురుగా బల్ల దగ్గర దూది సర్దుకుంటోంది.

"వదినా, ఆ కేక నిజందని నాకు తెలుసు."

పెద్దక్క కట్టు వైపు చూసుకుంది.

"ఆటలో అరిచే కేక అలా ఉండదు. నా చిన్నప్పుడు నీ కాలి మీద మరిగే నీళ్ళు పడ్డాయి చూడు, అప్పుడు అరిచావు. అదే గొంతు."

"తెలిసి కూడా ఎందుకు తిరగలేదురా?"

"ఆ మాట అంటావేమోనని ఆగాను. నువ్వు అనలేదు. అనలేదంటే నన్ను పొమ్మంటున్నావని అర్థమైంది." వాడు మీసం మీది చెమట తుడుచుకున్నట్టు మొహమంతా తుడుచుకున్నాడు. యూనిఫాంలో ఉన్నవాళ్ళు ఏడవకూడదని ఎవరన్నారో గానీ, వాడు ఏడ్చాడు, భుజాలు కదలకుండా, చప్పుడు లేకుండా. "మళ్ళీ నా చేత అలా చేయించకు వదినా."

"నేను చేయించకపోయినా నువ్వు అలాగే చెయ్యాలి. మంచి పని చేశావు. ఎప్పుడూ అలాగే చెయ్యి."

ఆవిడకు సంతోషంగా ఉంది. రాత్రి తోడికోడలికి చెప్పాలి, ఇక తుడవడానికి రంగు ఉండదని. ఆ సంతోషం కిందే ఏదో ఖాళీ అయిపోయినట్టుంది. వారంరోజుల అలసట కాదది, అలసట ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు. వాడికి ఆరేళ్ళప్పటి నుంచీ వెనక్కి తిరిగిన ప్రతిసారీ కనపడటమే ఆవిడ పని. ఆ పని ఇవాళ తనే చేతులారా పోగొట్టుకుంది.

"మాత్రలు తెస్తాను, కూర్చో" అని చిన్నోడు లేచాడు.

వరండా చాలా పొడుగుంది. చివర ఎడమకు మలుపు, అక్కడ మందుల కొట్టు. వాడు నడుస్తున్నాడు. చెవి వెనక నీలం మరక దూరమయ్యేకొద్దీ చిన్నదైపోయింది. మలుపు దగ్గరికొచ్చాడు. పెద్దక్క కుడి చెయ్యి దానంతటదే లేచింది.

వాడు మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.

దూది సర్దుతున్న నర్సు తలెత్తి చూసింది. వరండా అంతా ఖాళీ. "ఎవరికమ్మా చెయ్యి ఊపుతున్నారు?"

"ఎవరికీ లేదమ్మా. చెయ్యి బాగానే ఉందో లేదోనని చూసుకుంటున్నా."

"విరిగింది ఆ చెయ్యి కాదు కదమ్మా."

"అవును," అంది పెద్దక్క. కాసేపటికి చెయ్యి దించింది.